మాయల మరాఠీ ఎవరు? – సిరొంచ సీమనుండి ‘బాలనాగమ్మ’ శబ్దచిత్ర పరిశీలన

ప్రస్తావన

తెలుగు శబ్దచిత్రముల తొలినాళ్ల చరిత్రను వ్రాసినవారు సాధారణముగా మదరాసు, కలకత్తా, బొంబాయి నగరములను దృష్టియందుంచుకొని వ్రాసిరి. చిత్రములు నిర్మింపబడినది ఆ నగరములలోనే కనుక అది సహజమే. కాని చిత్రమునకు నిర్మాణశాల యెంత ముఖ్యమో, చూచువాని స్థానము కూడ అంత ముఖ్యము. ఒకే చిత్రము గుంటూరులో చూచువానికి ఒక అర్థమును, తెలుగు సీమ అంచున నిలిచి చూచువానికి వేరొక అర్థమును ఇయ్యవచ్చును. అట్టి అంచులలో మహారాష్ట్రమునందలి సిరొంచ యొకటి.

1942వ సంవత్సరమున జెమినీ సంస్థ నిర్మించిన ‘బాలనాగమ్మ’ తెలుగు శబ్దచిత్రయుగపు తొలినాటి సాహసచిత్రములలో విశేష ప్రజాదరణ పొందినది. అందలి ప్రతినాయకుని పేరు ‘మాయల మరాఠీ’. ఈ పేరును గూర్చి తెలుగుదేశపు నడిమి జిల్లాలలో ఎవరికిని సందేహము కలుగదు. అది కథలోని మాంత్రికుని పేరు, అంతే. కాని సిరొంచ తాలూకాలోని తెలుగు బాలుని స్థితి వేరు. వాడు ఇంట తెలుగు మాట్లాడును, పాఠశాలలో మరాఠీ చదువును. భూమి కాగితములు, కచేరి తాఖీదులు అన్నియు మరాఠీలోనే వచ్చును. పొరుగింటివారిలో మరాఠీ మాట్లాడువారు కలరు. అట్టి బాలునికి అవ్వ ‘మాయల మరాఠీ’ కథ చెప్పినచో వాడు నిస్సంకోచముగా అడుగదగిన ప్రశ్న యొకటి కలదు: “మరాఠీ అనగా మా మాస్టరుగారివంటివాడేనా?” ఈ ప్రశ్న చిన్నదిగా కనబడినను దీనికి సమాధానము చెప్పవలసిన బాధ్యత మహారాష్ట్రమున నివసించు తెలుగువారికి ఉన్నది. ఆ సమాధానమును చరిత్రనుండి వెదకుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

సిరొంచ సీమ

వార్ధా, వైనగంగా నదులు కలసి ప్రాణహిత యగును. ఆ ప్రాణహిత గోదావరిలో చేరుచోట, ఆవలిగట్టున కాళేశ్వర ముక్తేశ్వర క్షేత్రము, ఈవలిగట్టున సిరొంచ. తాలూకాకు పడమట ప్రాణహిత, దక్షిణమున గోదావరి, తూర్పున ఇంద్రావతి ఎల్లలుగా నున్నవి. మూడు నదుల నడుమనున్న ఈ సీమలో తెలుగు, మరాఠీ, గోండీ భాషలు మూడును వినబడును. అంకీస, ఆసరళ్ళి, రేగుంఠ, మొయబిన్‌పేట మొదలైన ఊళ్ల పేర్లు వినినంతనే ఇచ్చటి జనుల భాష యేదో తెలియును. కాళేశ్వరము త్రిలింగ క్షేత్రములలో ఒకటియని మన పెద్దలు చెప్పుదురు. త్రిలింగ శబ్దమునుండియే తెలుగు అను పేరు వచ్చెనను వాదమును అంగీకరించినను అంగీకరింపకున్నను, తెలుగుదేశపు ఎల్లగా పూర్వులు భావించిన క్షేత్రమునకు ఎదుటిగట్టుననే సిరొంచ యున్నదని మాత్రము ఒప్పుకొనవలెను.

ఈ సీమ రాజకీయచరిత్ర పలుమార్లు చేతులు మారిన చరిత్ర. ఉత్తరమున చాందా గోండురాజ్యము 1751లో నాగపురపు భోంసలేల వశమైనది. 1853లో మూడవ రఘూజీ భోంసలే సంతానము లేక మరణింపగా, మరుసటి యేట ఆ రాజ్యము ఆంగ్లేయుల పాలనలో కలసినది. గోదావరి ఎడమగట్టు భూములు 1860లో నిజాము ప్రభుత్వముతో జరిగిన ఒడంబడికవలన ఆంగ్లేయుల పరమైనవి. వానితో ‘ఎగువ గోదావరి జిల్లా’ ఏర్పడి, సిరొంచ దానికి ముఖ్యపట్టణమైనది. ఆ కాలపు డిప్యూటీ కమీషనరు గ్లాస్‌ఫర్డు పేర గ్లాస్‌ఫర్డ్‌పేట యను గ్రామము నేటికిని సిరొంచ సమీపమున నున్నది. దుమ్ముగూడెము, ఇచ్చంపల్లి, దేవలమర్రి బండలవద్ద నదీమార్గమును సుగమము చేసి, సముద్రతీరమునుండి మధ్యపరగణాలవరకు పడవలు నడుపవలెనని ఆ రోజులలో పెద్ద ప్రయత్నము జరిగినది. 1871 ప్రాంతమున అది విడువబడినది. అది నెరవేరియున్నచో సిరొంచకు రాజమహేంద్రవరము ఇరుగుపొరుగు ఊరై యుండెడిది.

1874లో ఎగువ గోదావరి జిల్లా రద్దయినది. భద్రాచలము, రేకపల్లి తాలూకాలు మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు పోయినవి. సిరొంచ చాందా జిల్లాలో చేరినది. 1909లో నూగూరు, చెర్ల, ఆల్బాక భాగములు కూడ మదరాసు వైపునకు పోయినవి. 1956లో విదర్భతోపాటు చాందా జిల్లా ద్విభాషా బొంబాయి రాష్ట్రమునకు సంక్రమించినది. 1960 మే 1న మహారాష్ట్రము అవతరించినది. 1982 ఆగస్టు 26న చంద్రపురము జిల్లానుండి గడ్చిరోలి జిల్లా వేరుచేయబడినది. ఒక్క శతాబ్దములో ఇన్ని మార్పులు జరిగినను సిరొంచ ఇండ్లలో మాట మారలేదు. కాగితము మారినది. నోటిమాట నిలిచినది. మన ప్రశ్నకు పునాది ఇచ్చటనే యున్నది.

శబ్దచిత్రములు – సాహసగాథ

తెలుగు తెర మాట నేర్చినది బొంబాయిలోనే. హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున తయారైన ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో ప్రదర్శింపబడినది. మరాఠీ భాషలో తొలి శబ్దచిత్రమైన ‘అయోధ్యేచా రాజా’ను వి. శాంతారాం దర్శకత్వమున ప్రభాత్ సంస్థ వెలువరించినది కూడ ఆ సంవత్సరమే. అనగా తెలుగు, మరాఠీ భాషలు రెండును వెండితెరపై పలుకుట ఒకే యేట మొదలుపెట్టినవి. రెండును పురాణకథలతోనే ప్రారంభించినవి.

తొలి సంవత్సరములలో తెలుగు చిత్రములన్నియు దాదాపుగా రంగస్థలమునుండి దిగివచ్చిన పురాణములే. చిత్తజల్లు పుల్లయ్య 1933లో ‘సావిత్రి’ని, 1934లో ‘లవకుశ’ను కలకత్తాలో తీసెను. 1938లో వచ్చిన ‘మాలపిల్ల’ సాంఘిక సమస్యను తెరకెక్కించినది. ఇంతలో బొంబాయిలో వాడియా సంస్థ 1935లో ‘హంటర్‌వాలీ’ని విడుదల చేసి, గుఱ్ఱపు స్వారి, కొరడా, దుముకులు కల సాహసచిత్రములకు గిరాకి ఎంతయో నిరూపించినది. ముసుగు ధరించి దుష్టులను దండించు ఆ నాయిక పాత్రను ధరించిన నాదియా ఆస్ట్రేలియాలో జన్మించిన యువతి. భాషతో పనిలేక అందరికిని అర్థమగు చిత్రములవి.

తెలుగులో సాహసగాథకు దారి వేరుగా ఏర్పడినది. మనవారు పాశ్చాత్య చిత్రములను అనుకరింపలేదు. ఊరి అరుగుపై జంగము కథగా, బుర్రకథగా రాత్రులు తరబడి సాగుచున్న జానపదగాథను తీసికొని తెరపై నిలిపిరి. ‘బాలనాగమ్మ’ అట్టిది. ఎస్. ఎస్. వాసన్ నిర్మాత. పుల్లయ్య దర్శకుడు. ‘సత్యహరిశ్చంద్ర’ నాటకకర్తగా ప్రసిద్ధుడైన బలిజేపల్లి లక్ష్మీకాంతకవి రచనను నిర్వహించెను. సాలూరి రాజేశ్వరరావు, ఎం. డి. పార్థసారథి సంగీతమును సమకూర్చిరి. బాలనాగమ్మగా కాంచనమాల, కార్యవర్ధిరాజుగా బందా కనకలింగేశ్వరరావు, రాణి సంగుగా పుష్పవల్లి, మాయల మరాఠీగా డాక్టరు గోవిందరాజుల సుబ్బారావు నటించిరి. నాలుగేండ్లకు ముందు ‘మాలపిల్ల’లో కాంచనమాలను హరిజన బాలికగాను, గోవిందరాజులవారిని ఛాందస బ్రాహ్మణునిగాను చూచిన ప్రేక్షకులే ఇప్పుడు వారిరువురను చెరపట్టబడిన రాణిగాను, చెరపట్టిన మాంత్రికునిగాను చూచిరి.

అది యుద్ధకాలము. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడలపై జపానువారి బాంబులు పడినవి. మదరాసు నగరమునుండి జనులు గుంపులుగా తరలిపోయిరి. అట్టి సంవత్సరమున, ఒక దుర్మార్గుడు ఆడుబిడ్డను ఎత్తుకొనిపోవుట, ఆమె లొంగక ఏండ్ల తరబడి నిలుచుట, చివరకు కన్నకొడుకే పోయి విడిపించుట – ఈ కథ జనుల మనస్సులకు హత్తుకొనుట ఆశ్చర్యము కాదు. ఆ యేటనే ‘శాంతా బాలనాగమ్మ’ యను మరియొక చిత్రము కూడ వెలువడుట ఈ కథకు గల పలుకుబడిని సూచించును. జెమినీవారే 1954లో దీనిని ‘బహుత్ దిన్ హువే’ అను పేర హిందీలో తీసిరి. 1959లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున తెలుగులో మరల వచ్చినపుడు మాయల మరాఠీ పాత్రను ఎస్. వి. రంగారావు ధరించెను.

కథాసారము

కథను చెప్పువారినిబట్టి వివరములు మారును. అందరును అంగీకరించు సారమిది. నవభోజరాజునకు, భూలక్ష్మీదేవికి చాలకాలము సంతానము లేదు. తపస్వి యనుగ్రహమున ఏడుగురు కుమార్తెలు కలిగిరి. కడసారిది బాలనాగమ్మ. తల్లి మరణానంతరము సవతితల్లి పోరువలన బిడ్డలు అడవిపాలైరి. అనంతరము వారిని ఏడుగురు అన్నదమ్ములు పెండ్లాడిరి. బాలనాగమ్మ భర్త కార్యవర్ధిరాజు. వారికి బాలవర్ధి యను కుమారుడు పుట్టెను. బాలుడు ఉయ్యెలలో నుండగనే మాయల మరాఠీ బిచ్చగాని వేషమున వచ్చి, బాలనాగమ్మను కుక్కగా మార్చి తన గట్టునకు తీసికొనిపోయెను. వెదకబోయిన భర్తయు మరుదులును రాళ్లయిరి. ఆమె వ్రతము నెపమున గడువు కోరి మాంత్రికుని దూరముగా నుంచెను. బాలవర్ధి పెరిగి పెద్దవాడై, పూలు కట్టు ముదుసలి యింట చేరి, ఆమె మనుమనిగా కోటలో ప్రవేశించి తల్లిని కలిసికొనెను. మాంత్రికుని ప్రాణము సముద్రములకావల చిలుకలో నున్నదని తెలిసికొని, ఆ చిలుకను తెచ్చి వానిని సంహరించెను.

దక్కను దేశమున చెప్పిన కథ

ఇప్పుడు అసలు సాక్ష్యమునకు వత్తము. 1868లో లండనునందు మేరీ ఫ్రియర్ అను ఆంగ్ల యువతి ‘ఓల్డ్ దక్కన్ డేస్’ అను కథాసంపుటిని ప్రకటించినది. ఆమె తండ్రి సర్ బార్టిల్ ఫ్రియర్ 1862నుండి 1867వరకు బొంబాయి గవర్నరు. తండ్రితోపాటు దక్కనులో పర్యటించునపుడు, తన దాది అన్నా లిబరాటా డిసౌజా నోట వినిన కథలను ఆమె వ్రాసికొన్నది. అన్నా పూర్వులు లింగాయతులు, గోవా ప్రాంతమున స్థిరపడి క్రైస్తవులైనవారు. ఆమె ఈ కథలను తన అవ్వవద్ద నేర్చినది.

ఆ సంపుటిలోని మొదటి కథ పేరు ‘పంచ్‌కిన్’. ఒక రాజునకు ఏడుగురు కుమార్తెలు. కడసారి బిడ్డ పేరు ‘బాల్నా’. సవతితల్లి వచ్చును. బిడ్డలు అడవిపాలగుదురు. ఏడుగురు రాకుమారులు వారిని పెండ్లాడుదురు. బాల్నాకు కుమారుడు పుట్టును. ఫకీరు వేషమున మాంత్రికుడు వచ్చి ఆమెను కుక్కగా మార్చి తీసికొనిపోవును. వెదకబోయినవారు రాళ్లగుదురు. కుమారుడు పెరిగి, తోటమాలి భార్య ఇంట చేరి, పూలు తీసికొనిపోవు నెపమున తల్లిని కలిసికొనును. మాంత్రికుని ప్రాణము దూరదేశపు అడవిలో, ఆరు నీటికుండల అడుగున, పంజరములోని పచ్చని చిలుకలో నుండును. కుమారుడు ఆ చిలుకను పట్టి, ఒక్కొక్క అవయవమును తునుముచుండగా మాంత్రికుని అవయవములును రాలిపోవును.

ఇది బాలనాగమ్మ కథ కాక మరేమి? ‘బాల్నా’ అను పేరునందు ‘బాలనాగమ్మ’ అను పేరు మొదటి అక్షరములు వినబడుచున్నవి. ఏడుగురు బిడ్డలు, సవతితల్లి, కుక్క, రాళ్లు, పూలపని, చిలుక – ఒక్కటియు తప్పలేదు. ప్రాణమును శరీరమునకు వెలుపల దాచుకొనిన రాక్షసుని కథ లోకమున అనేక దేశములలో కలదు. రష్యా దేశపు కోష్చేయ్ ప్రాణము సూది మొనలో, ఆ సూది గ్రుడ్డులో, ఆ గ్రుడ్డు బాతులో, ఆ బాతు కుందేటిలో నుండును. అట్టి దూరపు పోలిక కాదు మన ఎదుట నున్నది. సంఘటనల వరుస, నాయిక పేరు కూడ కలియుచున్న పోలిక ఇది.

దీనివలన తేలునది యేమి? చిత్రము వెలువడుటకు డెబ్బదినాలుగేండ్లకు పూర్వమే, పశ్చిమ దక్కనున ఒక స్త్రీ తన అవ్వవద్ద నేర్చిన కథగా దీనిని చెప్పినది. ఆమె కథలో మాంత్రికుడు మరాఠీవాడు కాడు. వాని పేరు పంచ్‌కిన్, వాని వేషము ఫకీరు వేషము. అనగా ‘మరాఠీ’ అను మాట కథకు ప్రాణము కాదు. అది తెలుగు గట్టుపై కథకు తొడిగిన వస్త్రము మాత్రమే.

మరాఠీ, ఫకీరు, నేపాళీ

తెలుగుదేశమునందే ఈ పాత్రకు రెండు పేర్లు కలవు. చలనచిత్రమున ‘మాయల మరాఠీ’. జనుల వాడుకలో పలుచోట్ల ‘మాయల ఫకీరు’. ఎవరి గుట్టైనను మరెచ్చటనో దాగియున్నదని చెప్పవలసివచ్చినపుడు, మాయల ఫకీరు ప్రాణము చిలుకలో నున్నట్లు అని నేటికిని అందురు. ఒకే దుష్టుని ఒకచోట మరాఠీ యనియు, వేరొకచోట ఫకీరనియు పిలుచుచున్నారన్నచో ఆ పేరు ఏ జాతిని గూర్చియు కాదు. ఊరికి క్రొత్తవాడు, ఊరు పేరు తెలియనివాడు, వాకిట నిలిచి భిక్ష అడుగువాడు, పురుషులు ఇంట లేనివేళ వచ్చువాడు – అట్టివానికి పెట్టిన పేరది.

1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ ఈ విషయమును మరింత స్పష్టము చేయును. కె. వి. రెడ్డి దర్శకత్వము వహించిన ఆ చిత్రమున ప్రతినాయకుడు ‘నేపాళ మాంత్రికుడు’. తెలుగువారికి నేపాళముతో వైరము ఏనాడును లేదు. అయినను మాంత్రికుడు అచ్చటనుండి వచ్చెను. ఏలయనగా నేపాళము దూరము, మంచుకొండల నడుమ నున్నది, మంత్రతంత్రములకు పేరుపడినది. కథకు కావలసినది దూరమే కాని ద్వేషము కాదు.

మరాఠీ అను పేరునకు చారిత్రక కారణము లేదని దీని అర్థము కాదు. పదునెనిమిదవ శతాబ్దమున మరాఠా అశ్వికదళములు దక్కను అంతటను తిరిగినవి. చౌతు వసూలు, ఆకస్మిక దాడి, పంట నష్టము – ఈ అనుభవము జనుల జ్ఞాపకమున మిగిలియుండుట సహజము. తెల్లవారకముందే వచ్చి, కనుమూసి తెరచునంతలో మాయమగు రౌతు, కథలో మాంత్రికుడగుట ఊహింపదగినదే. అయితే ఇది ఒక అనుమానముగా మాత్రమే చెప్పదగును. దానిని బలహీనపరచు విషయము కూడ ఒకటి కలదు. తెలుగున మరాఠీ మాట్లాడు పొరుగువానికి పూర్వమునుండి వాడుకలోనున్న మాట ‘ఆరె’. తెలంగాణపు పల్లెలలో ఆరె కుటుంబములు తరతరములుగా వ్యవసాయము చేసికొని బ్రతుకుచున్నవి. కథకుడు తన ప్రతినాయకునికి ‘మాయల ఆరె’ అని పేరు పెట్టలేదు. తన ఊరిలో ప్రక్క పొలము దున్నువానిని అతడు ఆ కథలోనికి ఈడ్వలేదు. ఇరుగువానికి ఒక మాట, దూరపు భయమునకు వేరొక మాట – ఈ భేదమును కథ చెప్పినవారు బుద్ధిపూర్వకముగా పాటించిరో, అప్రయత్నముగా పాటించిరో కాని, ఆ భేదము మాత్రము మన కంటికి కనబడుచున్నది.

తెర నిలిపిన పేరు

నోటికథకు ఒక సౌలభ్యము కలదు. కథకుడు ఎదుట కూర్చున్నవారిని చూచి పేర్లు మార్చగలడు. ఆరెవారు ఉన్న ఊరిలో ఫకీరని చెప్పవచ్చును, ఫకీరుల దర్గా ఉన్న ఊరిలో జంగమని చెప్పవచ్చును. ఎవరి మనస్సును నొప్పింపక కథ సాగించుట అతని వృత్తిధర్మము. శబ్దచిత్రమునకు ఆ సౌలభ్యము లేదు. ఫిల్ముపై ఒకమారు ముద్రింపబడిన మాట నెల్లూరులోను, నిజామాబాదులోను, బొంబాయి గిరణీ కార్మికుల పేటలోను ఒక్కతీరున వినబడును. మూగచిత్రముల కాలమున కూడ తెరప్రక్కన నిలిచి కథ చెప్పువాడు ఉండెడివాడు. అతడు ఊరినిబట్టి మాట మార్చగలిగెడివాడు. శబ్దము వచ్చి అతనిని తొలగించినది. ‘మరాఠీ’ అను పేరు పలు పేర్లలో ఒకటిగా నుండక, అదియే అసలు పేరుగా పాతుకొనిపోవుటకు శబ్దచిత్రము ముఖ్యకారణమైనది. సాంకేతికమైన ఒక మార్పు జనుల భాషపై ఎట్లు పనిచేయునో తెలియజేయుటకు ఇది తగిన ఉదాహరణము.

తెరవెనుక మరాఠీలు

ఇందు ఒక విచిత్రమును గమనింపవలెను. తెలుగు తెర తొలిమాట పలికినపుడు ఆ పలుకు ఎవరిది? ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించినది సురభి కమలాబాయి. సురభి నాటకసమాజము 1885లో కడప మండలములోని సురభి గ్రామమున వనారస గోవిందరావు నాయకత్వమున ప్రారంభమైనది. ఆ సమాజపు కుటుంబములు పూర్వము మహారాష్ట్రమునుండి వచ్చి, తోలుబొమ్మలాటలు ఆడుచు తెలుగుదేశమున స్థిరపడినవి. ఇంట ఆరె మరాఠీ, రంగమున అచ్చ తెలుగు – ఇది వారి జీవితము. వారు ఊరూర ప్రదర్శించి పేరుగాంచిన నాటకములలో ‘బాలనాగమ్మ’ యొకటి. అనగా మరాఠీ మూలము కల నటుడే మాయల మరాఠీ వేషము కట్టి తెలుగువారిని భయపెట్టెను. చూచినవారును అతనిని తమవానిగనే భావించి ఆదరించిరి. ఆ పేరునందు జాతిద్వేషమే యున్నచో ఈ నాటకము ఆ కుటుంబముల చేతులలో మూడుతరములు బ్రతికెడిది కాదు.

ఇంకను వెనుకకు పోయినచో తంజావూరు కనబడును. పదునేడవ శతాబ్దపు చివరి భాగమున అచ్చట భోంసలే వంశపు మరాఠా రాజులు పాలనకు వచ్చిరి. ఆస్థానభాషగా తెలుగు గౌరవము తగ్గలేదు. 1684నుండి 1712వరకు పాలించిన షాహాజీ స్వయముగా తెలుగు యక్షగానములు రచించెను. ఆయన ‘పల్లకీసేవా ప్రబంధము’ ప్రసిద్ధము. తెలుగు సాహిత్యచరిత్రలో మరాఠీ యనగా మాంత్రికుడు కాడు, యక్షగానకర్త.

తిలంగా – అద్దమున మన ముఖము

ఇతరుల పేరును మనము భయమునకు గురుతుగా వాడితిమి. మన పేరును ఇతరులు అట్లే వాడిరి. పదునెనిమిదవ శతాబ్దమున ఆంగ్ల కంపెనీవారు తెలుగు తీరమున సిపాయిలను చేర్చుకొని ఉత్తరదేశమునకు తీసికొనిపోయిరి. నాటినుండి హిందూస్థానములో కంపెనీ సిపాయికి ‘తిలంగా’ యను పేరు స్థిరపడినది. కొంతకాలమునకు ఆ దళములలో తెలుగువాడు ఒక్కడును లేకున్నను పేరు మాత్రము మిగిలినది. 1857లో ఢిల్లీ నగరమున తిరుగుబాటు సిపాయిలను పురజనులు తిలంగాలనియే పిలిచిరి. వారిలో అధికులు అవధ్, బీహారు ప్రాంతములవారు. అంగళ్లు దోచుకొన్న తిలంగాలను తలచుకొని ఢిల్లీలోని ఒక అవ్వ తన మనుమని నిదురపుచ్చుటకు ‘తిలంగా వచ్చుచున్నాడు’ అని బెదిరించెననుకొందము. ఆ బాలుడు పెద్దవాడై సిరొంచకు వచ్చి, మనలను చూచి జంకినచో మనమేమి చెప్పుదుము? ఆ తిలంగా మేము కాము, అది మా పేరు పెట్టుకొన్న వేరొక భయము అని చెప్పుదుము. అదే సమాధానమును మాయల మరాఠీ విషయమున మరాఠీ సోదరులకు మనము బాకీపడియున్నాము.

ఉపసంహారము

ఇంతవరకు చూచినదానివలన మూడు విషయములు తేలుచున్నవి. ఒకటి, బాలనాగమ్మ కథ తెలుగువారి సొత్తు మాత్రమే కాదు. అది దక్కను దేశపు ఉమ్మడి సొత్తు. 1868 నాటి ముద్రిత సాక్ష్యము ఇందుకు నిదర్శనము. రెండు, ప్రతినాయకుని పేరు ఒక జాతిని ఉద్దేశించినది కాదు. ఫకీరు, నేపాళీ, పంచ్‌కిన్ అను పేర్లవలెనే అదియు క్రొత్తవానిని గూర్చిన భయమునకు పెట్టిన పేరు. మూడు, ఆ పేరును స్థిరపరచినది జనుల ద్వేషము కాదు, మాటను మార్చనీయని శబ్దచిత్రపు స్వభావము.

ఎల్లల నడుమ జీవించువారికి ఈ విచారణ కేవలము విద్యావినోదము కాదు. ఇరుభాషల నడుమ పెరుగుచున్న బాలుడు తన అవ్వ భాషను సిగ్గుతోనో, తన పాఠశాల భాషను అనుమానముతోనో చూచినచో, నష్టము రెండు భాషలకును కలుగును. అవ్వ చెప్పు కథను మాన్పించుట దీనికి మందు కాదు. కథ మానినచో ఆ యింట తెలుగు కూడ మానును. కావలసినది కథతోపాటు కథ చరిత్రను కూడ చెప్పుట. ఇదే కథను మహారాష్ట్రపు ఆవలి అంచున మరొక అవ్వ వేరొక పేరుతో చెప్పినదని ఆ బాలునికి తెలియజేసినచో, వాడు మరునాడు పాఠశాలలో మరాఠీ మిత్రులను కూర్చుండబెట్టుకొని ఈ కథను వారి భాషలో చెప్పగలడు.

2022 ఏప్రిల్ నెలలో ప్రాణహిత పుష్కరములు జరిగినవి. కాళేశ్వరముననున్నట్లే సిరొంచ రేవునను యాత్రికులు స్నానము చేసిరి. ఇరుగట్ల సంకల్పములలో దేశకాలములు చెప్పునపుడు గట్టు పేరు వేరు కావచ్చును. మునిగిన నీరు ఒకటే. బాలనాగమ్మ కథయు అట్టిదే. దానిని ఇరుగట్లవారును తమదని చెప్పుకొనవచ్చును. ఇరుభాషలును తెలిసిన సిరొంచ తెలుగువారు ఈ కథకు మరాఠీలోను, గోండీలోను గల రూపములను పల్లెపల్లెకు తిరిగి పెద్దల నోటనుండి సేకరించి ప్రకటించుటకు పూనుకొన్నచో, ఈ వ్యాసమునందలి వాదము బలపడునో, సవరింపబడునో తేలగలదు. ఏది జరిగినను మేలే. అట్టి కృషికి మన సంఘములు తోడ్పడునని ఆశించుచున్నాను.